పిల్లలతో కలిసి స్పానిష్: ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

తార్నాకలో దిగి ఉస్మానియా క్యాంపస్ వైపు వెళ్తే ఇఫ్లూ వస్తుంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయ్యింది. ఇక్కడ స్పానిష్ చెప్తారు. పార్ట్ టైమ్ కోర్సులకి కూడా నోటిఫికేషన్ ఇస్తుంటారు, వెబ్‌సైట్ మీద ఓ కన్నేసి ఉంచండి. కానీ ఇంట్లో నాలుగేళ్ల బుడ్డోడు ఉంటే ఆఫీసు అయ్యాక మళ్లీ క్లాసు అంటే అందరికీ కుదరదు కదా. అప్పుడు మిగిలేది చేతిలో ఉన్న ఫోనే.

ముందు ఒక గుడ్ న్యూస్. స్పానిష్ పలకడానికి ఇంగ్లిష్ కంటే తెలుగే బెటర్ సపోర్ట్. ఇంగ్లిష్ అలవాటైన నోరు 'టాకో' అంటుంది, అసలు పలికేది 'తాకో'. అచ్చులు అయిదే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే కుక్క. ఈ తేడా తెలుగులో రాసుకుంటే చాలు. బాలశిక్షలో తప్ప ఎక్కడా ఒంటరిగా కనిపించని మన 'ఞ'కి కూడా ఇక్కడ డ్యూటీ ఉంది: పిల్లాడిని 'నీఞో' అంటారు. క్రియలూ మన దారిలోనే నడుస్తాయి. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' అంటే మాట్లాడతావు. 'నేను', 'నువ్వు' విడిగా చెప్పక్కర్లేదు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: 'తూ', 'ఉస్తెద్'. తలనొప్పి ఎక్కడంటే, టేబుల్ ఆడ, పుస్తకం మగ! 'లా మేసా', 'ఎల్ లీబ్రో' అని జంటగా బట్టీ పట్టడమే.

ఇక యాప్స్. డుయోలింగో మీకు ఓకే, చదవడం రాని పిల్లలకి కాదు. అందులో చాలా ఎక్సర్‌సైజులు చదివి అనువాదం చేసేవే. స్ట్రీక్ పోతుందని మీరు ఫోన్ పట్టుకుని కూర్చుంటే పిల్లలు నేర్చుకునేది స్పానిష్ కాదు, ఫోన్ పట్టుకోవడం. వాళ్లకి పొకొయో లాంటి కార్టూన్ నయం. అది స్పెయిన్‌లోనే పుట్టింది, మాటలు తక్కువ, నిదానంగా ఉంటాయి. ఆడియో ట్రాక్ స్పానిష్‌కి మార్చేటప్పుడు ఒకటి గమనించండి: థాంక్స్‌ని లాటిన్ అమెరికాలో 'గ్రాసియాస్' అంటారు, స్పెయిన్‌లో ఎక్కువగా 'గ్రాథియాస్' అంటారు. ఏదో ఒకటే పట్టుకోండి.

మీ కోసం ఇంకో ట్రిక్. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కి ఒక్కో భాష పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో 'యాప్ లాంగ్వేజెస్' వెతకండి (అన్ని యాప్స్‌కీ రాదు). ఫోన్ మొత్తం మార్చేస్తే వెనక్కి రావడానికి చుక్కలు కనిపిస్తాయి, ఒక్క యాప్‌తో మొదలుపెట్టండి.

వీడియో పెట్టేసి మీరు పక్కకి వెళ్తే మాత్రం లాభం తక్కువ. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకి మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆ శబ్దాలు పట్టుకున్నారు, అవే వీడియోలో చూపిస్తే పట్టుకోలేదు. చిన్నపిల్లలకి అసలు డివైస్ అమ్మానాన్నలే అన్నమాట. పాల గ్లాసు ఇస్తూ 'లెచె', నీళ్లిస్తూ 'ఆగ్వా' అనండి. చొక్కా బొత్తాం పెడుతూ 'బొతోన్' అనండి. మన బొత్తాం పోర్చుగీసు నుంచి వచ్చింది, అందుకే రెండూ చుట్టాల్లా ఉంటాయి.

ఈ టైమ్ ఎక్కడి నుంచి తీస్తారన్నదే అసలు పేచీ. స్కూల్లో ఇంగ్లిష్, బయట హిందీ వింటున్న పిల్లాడికి తెలుగు మిగిలేది నానమ్మ దగ్గరే. ఆ కథల టైమ్ ముట్టుకోకండి. ఇంగ్లిష్ కార్టూన్ టైమ్‌లో సగం లాగేయండి, ఎవరూ ఏడవరు. మహా అయితే బుడ్డోడు రెండు రోజులు అలుగుతాడు, మూడో రోజు 'పెర్రో'లో ర్ర్ర్ మీకంటే బాగా తిప్పుతాడు.