సత్రములో స్థలము: పాలమూరు వలస కుటుంబాలు, మన క్రిస్మస్ ఖర్చు

క్రిస్మస్ నాటిక వేయని సంఘం మన ప్రాంతంలో లేదనే చెప్పాలి. ఆ నాటికలో తప్పకుండా కనిపించే పాత్ర సత్రం యజమాని. సంఘ పెద్దలలో ఒకరు తలపాగా చుట్టుకొని వచ్చి, నిండు చూలాలైన భార్యతో నిలబడిన యోసేపును కసిరి తలుపు వేస్తారు. సభ అంతా అయ్యో అంటుంది. అయితే లూకా సువార్త రెండవ అధ్యాయంలో అటువంటి మనిషి ఎక్కడా లేడు. చాలా ఏళ్లు ఆ మనిషి మీద ప్రసంగాలు చేసిన తరువాతగాని మేము ఈ సంగతిని గమనించలేదు.

తెలుగు బైబిలులో లూకా 2:7లో "సత్రము" అని ఉన్నచోట గ్రీకు మూలంలో "కటాలుమ" అనే మాట ఉంది. అదే మాట లూకా 22:11లో, అనగా కడరాత్రి పస్కా భోజనం సందర్భంలో వచ్చినప్పుడు మన అనువాదకులు "విడిది గది" అని వ్రాశారు. మంచి సమరయుని ఉపమానంలో (లూకా 10:34) డబ్బు తీసుకొని బస ఇచ్చే చోటికి లూకా వేరే మాట, "పండొకెయొన్" అనే మాట వాడాడు. దానికి మన బైబిలులో పూటకూళ్లవాని ఇల్లు అని ఉంది. మధ్యప్రాచ్యంలో చాలాకాలం బోధించిన కెన్నెత్ బెయిలీ వంటి పండితులు దీనిని బట్టి ఒక వివరణ ఇచ్చారు. బేత్లెహేములో యోసేపు బంధువుల ఇంటికే వెళ్లాడు, విడిది గది అప్పటికే నిండిపోయింది, కనుక ఇంటివారు తాము పడుకొనే గదిలోనే, పశువులను కట్టే పక్కన, వారికి చోటు చేశారు. పాలమూరు పల్లెల్లో పాత ఇండ్లు చూసినవారికి ఇది వింతగా తోచదు. దర్వాజ దాటగానే ఒక పక్క ఎడ్లు, ఒక పక్క మనుషులు ఉన్న ఇండ్లను మా చిన్నతనంలో మేమే చూశాము.

ఈ వివరణను అందరూ ఒప్పుకోరు. మాకు మాత్రం ఇదే వాక్యభాగానికి దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. ఒప్పుకుంటే మన ప్రశ్న మారిపోతుంది. తలుపు వేసిన దుర్మార్గుడు ఎవడా అని వెదకడం మాని, నిండిపోయిన ఇంట్లో ఆ కుటుంబం ఎట్లా సర్దుకొని చోటిచ్చింది అని అడగవలసి వస్తుంది. దుర్మార్గుని నిందించడం సులభం. సర్దుకోవడం కష్టం.

డిసెంబరులో తాళాలు పడే ఇండ్లు

జడ్చర్ల దారుల కూడలి. హైదరాబాదు నుండి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, రాయచూరు వైపు పోయే 167వ నంబరు రహదారి ఇక్కడ కలుస్తాయి. సికింద్రాబాదు నుండి కర్నూలు వైపు పోయే రైలు మార్గంలో స్టేషను ఉంది. కనుక వలసను చూడడానికి ఇంతకంటె అనువైన చోటు ఉండదు. వానాకాలపు పంట చేతికి వచ్చిందో, చేతికి రాకుండా పోయిందో తేలిన తరువాత, దసరా దీపావళి దాటగానే గుంపులు కదులుతాయి. ముంబై, పూణె, భివండీ, హైదరాబాదు, బెంగళూరు. తిరిగి ఉగాదికి, లేదా తొలకరికి. నడుమన క్రిస్మస్ వస్తుంది.

"పాలమూరు లేబరు" అనే పేరు ఈనాటిది కాదు. నాగార్జునసాగరు వంటి ఆనకట్టల దగ్గర మట్టి మోసినవారిలో, రాళ్లు పేర్చినవారిలో మన జిల్లావారు ఎందరో. తరువాత కాలంలో ఫ్లైఓవర్లు, అపార్టుమెంట్లు, షాపింగ్ మాళ్లు. మన యౌవనస్థులు సెలవులలో హైదరాబాదు వెళ్లి ఫోటోలు దిగి వచ్చే మాళ్లలో ఏ గోడ వెనుక ఎవరి ఊరి చెమట ఉందో అడిగినవారు లేరు. కట్టినంత కాలం ఆ కూలీలు ఆ స్థలంలోనే ప్లాస్టిక్ కవరు డేరాలలో ఉంటారు. కట్టడం పూర్తయిన రోజున డేరా తీసేయాలి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు తగిన వసతి ఇవ్వాలనే చెప్పింది. డేరాలు మాత్రం డేరాలుగానే ఉండిపోయాయి.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనప్పుడు మొదటి విడత జిల్లాలలో మహబూబ్‌నగర్ కూడా ఉంది. దాని వలన కొన్ని కుటుంబాలు ఊళ్లో నిలబడ్డాయి, కాదనలేము. కాని వలస ఆగలేదు. 2020 మార్చి 25 నుండి లాక్‌డౌను వచ్చినప్పుడు మన రహదారి మీద మూటలు నెత్తిన పెట్టుకొని నడిచిపోయినవారిని చూశాము. వారు ఉత్తరాదివారు. అదే రోజులలో మన ఊళ్లవారు మహారాష్ట్ర రోడ్ల మీద ఉన్నారు.

అడ్వాన్సు ఎందుకు తీసుకుంటారు

గుంపు మేస్త్రీ కాంట్రాక్టరు దగ్గర డబ్బు తెచ్చి కుటుంబాలకు అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు తీరేదాకా పని చేయాలి. లెక్క మేస్త్రీ చేతిలో ఉంటుంది. అడ్వాన్సు తీసుకోవడానికి బోరు ఎండిపోవడం, ఆసుపత్రి, ఆడపిల్ల పెండ్లి కారణాలని మనం చెప్పుకుంటాము. అవి నిజమే. కాని మరొక కారణం కూడా ఉందని మా సంఘంలోనే తెలిసింది. కొంచెం సిగ్గుతోనే ఇది వ్రాస్తున్నాము.

కొన్నేళ్ల క్రితం మా స్త్రీల సమాజం క్రిస్మస్‌కు అందరూ ఒకే రంగు చీర కట్టాలని తీర్మానించింది. యౌవనస్థులు ఒకే రకం చొక్కాలన్నారు. మేము ఐక్యతకు గుర్తు అని దీవించాము. సెమీ క్రిస్మస్ విందుకు, సౌండు బాక్సులకు, మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీకి ఇంటింటికీ చందా వేశాము. ఆ ఏడు ఒక కుటుంబం మేస్త్రీ దగ్గర మామూలుగా తీసుకొనేదానికంటె ఎక్కువ అడ్వాన్సు తీసుకొంది. బాదేపల్లి బజారులో చీర, పిల్లలకు బట్టలు కొన్నారు, చందా కట్టారు. అడ్వాన్సు పెద్దది కనుక మేస్త్రీ పండుగదాకా ఆగనివ్వలేదు. నవంబరు చివరన బొంబాయి బస్సు ఎక్కించాడు. క్రిస్మస్ ఉదయం మా మందిరంలో ఒకే రంగు చీరల వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది. ఆ చీర భివండీ దగ్గర ఏదో డేరాలో మూటలో ఉంది. ఈ సంగతి మాకు తెలిసింది వారు ఉగాదికి తిరిగి వచ్చిన తరువాత, అదీ వారి అవ్వ చెప్పగా.

వినియోగ సంస్కృతి అనగానే మనం అమెరికాను, పెద్ద కంపెనీల ప్రకటనలను, శాంతాక్లాజును తిడతాము. అది పట్నంవారి జబ్బు అన్నట్టు మాట్లాడుతాము. మా అనుభవంలో దానిని ఊరి బీద ఇంట్లోకి తీసుకెళ్లినది టీవీ ఒక్కటే కాదు, పులుపిట మీద నుండి చదివిన ప్రకటన కూడా.

పాత నిబంధనలో ఇందుకు భిన్నమైన పండుగ ఒకటి ఉంది. కళ్లములోనుండి ధాన్యం, తొట్టిలోనుండి ద్రాక్షారసం ఇంటికి చేరిన తరువాత, అనగా చేతిలో డబ్బు ఆడే కాలంలో, ఇశ్రాయేలీయులు ఇల్లు విడిచి ఏడు రోజులు పర్ణశాలలలో ఉండాలి (లేవీ 23:42-43). దాసులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు ఆ సంతోషంలో కలవాలి (ద్వితీ 16:13-14). ఇల్లున్నవాడు గుడిసెలోకి దిగివచ్చే పండుగ అది. మన పండుగలో గుడిసెలోనివాడు ఇల్లున్నవానిలా కనబడడానికి అప్పు చేస్తున్నాడు.

యోహాను 1:14లో వాక్యము మన మధ్య నివసించెనని చదివే చోట గ్రీకు క్రియ "ఎస్కేనోసెన్". గుడారం వేసుకొని ఉండుట అని దాని భావం. ఈ మాటను వలస కూలీల డేరాలకు ముడిపెట్టి ప్రసంగించడం బాగానే ఉంటుంది, మేమూ చేశాము. కాని ఒక జాగ్రత్త అవసరం. డేరా బ్రతుకును పవిత్రమైనదిగా చేసి చెబితే డేరాలో ఉన్నవారికి ఒరిగేది లేదు. వానకు కారే కవరు కింద పసిబిడ్డతో పడుకున్న తల్లికి కావలసింది గోడ.

లెక్కలోకి వచ్చేవారు, రానివారు

యోసేపు ప్రజాసంఖ్యలో వ్రాయబడుటకు బేత్లెహేము వెళ్లాడు. మన దేశంలో 2011 జనగణనలో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కించారు. రోడ్డు పక్కన, పేవుమెంట్ల మీద, పెద్ద సిమెంటు పైపులలో, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ప్రార్థనా స్థలాల ఆవరణలలో ఉండేవారు ఈ లెక్కలోకి వస్తారు. 2001లో దేశం మొత్తం మీద వీరు 19.43 లక్షలు. 2011లో 17.73 లక్షలకు తగ్గారు. పల్లెలలో తగ్గి పట్టణాలలో మాత్రం 7.78 లక్షల నుండి 9.38 లక్షలకు పెరిగారు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది, తరువాతి దానికి 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా ప్రకటించారు. ఆ నాటికి మన గుంపులు ఇంకా తిరిగి రావు. ఊళ్లో ఇంటికి తాళం ఉంటుంది, అక్కడ డేరాకు నంబరు ఉండదు. తమ సంఘ కుటుంబాలు ఎక్కడ ఉన్నాయో, అక్కడ లెక్కకు ఎవరు వస్తారో ముందుగా విచారించడం కాపరులు చేయగల పని.

2009 డిసెంబరులో, సరిగ్గా పండుగ రోజులలో, ఢిల్లీలో ఒక రాత్రి ఆశ్రయాన్ని కూల్చివేశారు. ఆ సంగతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. పెద్ద నగరాలలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు ఏర్పాటు చేయాలని 2010లో కోర్టు ఆదేశించింది. జడ్చర్లవంటి ఊళ్లు ఆ లెక్కలోకి రావు. ఇక్కడ బస్సు తప్పినవారికి బస్టాండు, స్టేషను, లేదా ఏదైనా అరుగు.

మా మందిరం వరండా అటువంటి అరుగే. ఒక డిసెంబరు రాత్రి తెల్లవారుజామున బండి ఎక్కవలసిన ఒక కుటుంబం అక్కడ పడుకొంది. మరునాడు సెమీ క్రిస్మస్. రంగులు వేయడం అయింది, సీరియల్ బల్బులు కడుతున్నారు. "పొద్దుగాల పోతం అయ్యగారు, ఈ ఒక్క రాత్రే" అని ఆమె అంది. మేము కసరలేదు, మర్యాదగానే చెప్పి స్టేషనుకు పంపాము. లోపల కమిటీ హాలు ఖాళీగానే ఉంది, తాళంచెవి మా జేబులోనే ఉంది. కొత్త రంగు అంటుకుంటుందని తప్ప వేరే కారణం మాకు అప్పుడు తోచలేదు. నాటికలోని తలపాగా మనిషి లూకా సువార్తలో లేకపోయినా జడ్చర్లలో ఉన్నాడని అప్పటినుండి అనుకుంటున్నాము.

తరువాత కొన్ని మార్పులు చేశాము. ఒకే రంగు చీర మానివేశాము, దానికి కొందరు సోదరీమణులు ఇప్పటికీ మా మీద కినుకగా ఉన్నారు. ఇంటింటి చందా బదులు ఇష్టమైనవారు వేసే పెట్టె పెట్టాము. మొదటి ఏడు మూడోవంతు కూడా రాలేదు, కనుక ఫ్లెక్సీ లేదు. వలస వెళ్లేవారి కోసం అక్టోబరు చివరి ఆదివారం ముందుగానే క్రిస్మస్ ఆరాధన, బల్ల జరుపుతున్నాము. ఊళ్లో మిగిలిన ముసలివారి ఇండ్లకు డిసెంబరులో వంతుల వారీగా వెళ్లి వారితో భోంచేసి వస్తున్నాము. కమిటీ హాలును డిసెంబరు, జనవరి రాత్రులలో తెరిచి ఉంచాలన్న మాట మాత్రం ఇంకా తేలలేదు. మైకు సెట్టు పోతుందని కొందరు, మరుగుదొడ్లు ఎవరు కడుగుతారని కొందరు అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నవంబరు రెండవ ఆదివారం కమిటీలో మళ్లీ కూర్చుంటున్నాము. కడిగే వంతులకు ఇప్పటికి నలుగురు పేర్లు ఇచ్చారు.