పాత ల్యాప్‌టాప్‌ మొరాయిస్తోందా?

హైటెక్‌ సిటీ కంపెనీలు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లే ఎన్నో ఇళ్లలో పిల్లల చదువుకు ఆధారం. 2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు ఆపేసింది. విండోస్‌ 11కేమో టీపీఎం 2.0 చిప్‌ కావాలి. ఆ తనిఖీని ఏదోలా దాటించి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. కానీ, 2024లో వచ్చిన 24హెచ్‌2 వెర్షన్‌ కోర్‌ 2 డ్యుయో లాంటి ప్రాసెసర్లలో అసలు బూటే కాదు. దానికి కావాల్సిన ‘పాప్‌కౌంట్‌’ ఆదేశం వాటిలో లేదు మరి!

కాస్త కొత్తవైతే బయోస్‌ చూడండి. డిస్క్‌ జీపీటీ అయితే యూఈఎఫ్‌ఐ, ఎంబీఆర్‌ అయితే లెగసీ మోడ్‌ ఉండాలి.

అప్పటికీ కుదరకపోతే లినక్స్‌ ఉండనే ఉంది. హైదరాబాద్‌ ‘స్వేచ్ఛ’ బృందం దాన్ని తెలుగులోకీ తెచ్చింది. పెన్‌డ్రైవ్‌తో నడిపి చూశాకే ఎక్కించుకోవచ్చు. ముందుగా ఫొటోలూ, పాఠాలూ వేరేచోట దాచుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!