గ్రంథాలయంలో పరిశోధన పాఠాలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయం పుస్తకాలు దాచే చోటు మాత్రమే కాదు, పరిశోధన నేర్పే బడి కూడా. తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. పల్లెల నుంచి ఇలాంటి చోట్లకు వచ్చే విద్యార్థులకు గ్రంథాలయ శిక్షణ ఎంతో అవసరం.

మొదటి పాఠం వెతకడం. ‘వేరుశనగ’ అని మాత్రమే వెతికితే లెక్కలేనన్ని వ్యాసాలు వచ్చిపడతాయి. దానికి ‘అనావృష్టి’, ‘చిత్తూరు’ చేరిస్తే పనికొచ్చేవి మిగులుతాయి. రెండోది తూకం వేయడం: ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ పత్రికలో, ఏ ఆధారంతో?

వెతకడానికి వనరులకూ కొదవ లేదు. దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ‘శోధ్‌గంగ’ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు సుమారు 13,000 పత్రికలను అందుబాటులోకి తెచ్చింది. వాటిని వాడుకోవడం నేర్పకపోతే ఆ సంపద తాళం వేసిన బీరువాతో సమానం.

చివరి పాఠం నిజాయితీ. జొటెరో వంటి సాఫ్ట్‌వేర్ ఆధారాల జాబితాను క్రమంగా ఉంచుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం దాటితే దిద్ది మళ్లీ సమర్పించాలి. 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.