బల్లమీద నౌపడ రైలు

రెండు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. ఒక కొసన ఉప్పు మడులు, రెండో కొసన కొండలు. నూరేళ్లకు పైగా నడిచి, 2004లో ఆగిపోయిన నౌపడ-గుణుపురం చిన్నరైలును మళ్లీ చూడాలంటే పాత ఫొటోలు వెతుక్కోవాలి. లేదంటే... ఇంట్లో ఓ బల్లమీద నడిపించుకోవాలి!

బొమ్మరైలు అనగానే మంచుకొండలు, దేవదారు చెట్లు, ఎర్ర పెంకుల ఇళ్లు గుర్తొస్తాయి. జర్మనీ నుంచో ఆస్ట్రియా నుంచో వచ్చే డబ్బాల మీద అవే కనిపిస్తాయి మరి. కానీ బల్లమీద పట్టేంత చిన్న రైలుదారి, వెనకాల కొండలు కావాలనుకుంటే అంతదూరం వెళ్లక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, తెంబూరు, పాతపట్నం మీదుగా సాగిన పర్లాకిమిడి లైట్ రైల్వేను మించిన నమూనా దొరకదు.

రాజావారి రైలు
మద్రాసు-కలకత్తా ప్రధాన మార్గం నౌపడ మీదుగా వెళ్లింది. తన రాజధానిని దానితో కలపాలనుకున్నారు పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి. 1898లో పని మొదలైంది. దాదాపు 7 లక్షల రూపాయల ఖర్చుతో 1900లో రైలు పట్టాలెక్కింది. మొదట్లో నష్టాలే. 1910 తర్వాత కాస్త లాభాలు కనిపించాయి. ఆ ధైర్యంతోనే 1929, 1931ల్లో రెండు విడతలుగా లైనును గుణుపురం దాకా పొడిగించారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. మధ్యలో మహేంద్రతనయ నది. రైలు మాత్రం రెంటినీ కలుపుతూనే ఉంది. 2004లో గేజి మార్పిడి కోసం చిన్నరైలును ఆపేశారు. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా బ్రాడ్‌గేజి బండ్లు వచ్చాయి. ప్రయాణం సుఖమైంది. కానీ ఆ బుల్లి పెట్టెలు, కిటికీలోంచి చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా వచ్చే పొదలు... 2004 తర్వాత పుట్టినవాళ్లకు చెబితే తప్ప తెలియవు.

లెక్క కుదిరింది!
బొమ్మరైళ్ల లోకంలో అందరికీ తెలిసిన కొలత హెచ్‌ఓ. అంటే అసలు వస్తువులో 87వ వంతు. నౌపడ లైను వెడల్పు 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. ఇంకా చిన్నదైన ‘ఎన్’ స్కేలు బొమ్మరైళ్ల పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు! అంటే ఎన్ స్కేలు పట్టాలు, చక్రాల మీద హెచ్‌ఓ కొలతలో చేసిన పెట్టెలు పెడితే నౌపడ రైలు సిద్ధం. ఈ పద్ధతికి హెచ్‌ఓఈ అని పేరు. నౌపడ ఇంజిను బొమ్మ బజారులో దొరకదు. మోటారుతో ఉన్న చిన్న ఇంజిన్ అడుగుభాగం కొనుక్కుని, పైభాగాన్ని ప్లాస్టిక్ షీటుతో ఫొటోలు చూసి చేసుకోవాల్సిందే.

ఇబ్బందల్లా దూరంతోనే. నౌపడ నుంచి పర్లాకిమిడి సుమారు 40 కిలోమీటర్లు. 87వ వంతుకు కుదించినా 460 మీటర్లు! 1,501 మీటర్ల మహేంద్రగిరి కూడా 17 మీటర్లకు పైనే ఉంటుంది. అంటే ఐదంతస్తుల మేడంత. కాబట్టి మొత్తం దారిని చేయాలనుకోకూడదు. మూడు చోట్లు ఎంచుకుంటే చాలు. ఎడమవైపు నౌపడ ఉప్పు మడులు, మధ్యలో టెక్కలి స్టేషన్, కుడివైపు నది మీద వంతెన.

బల్ల ఎంతుండాలి?
నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల సరిపోతుంది. దానిమీద రెండంగుళాల థర్మకోల్ షీటు అతికించాలి. పట్టాలు కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతాయి. మలుపుల దగ్గర వృత్త వ్యాసార్థం 25 సెంటీమీటర్లుంటే చిన్నరైలు హాయిగా తిరుగుతుంది. టెక్కలి దగ్గర పక్కన మరో లైను వేస్తే ఇంజినును ముందు నుంచి వెనక్కి మార్చుకోవచ్చు. నౌపడ దగ్గర బల్ల అంచున ఒక అడుగు పొడవున పెద్దలైను ముక్క పెడితే, రెండు గేజీల తేడా చూడగానే తెలిసిపోతుంది.

చాలామంది చేసే పొరపాటు- కొండలున్నాయి కదా అని రైలును కొండెక్కించడం. ఒక పట్టా మీదుగా ఇంకో పట్టా వెళ్లాలంటే కనీసం 6 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నూటికి మూడు చొప్పున ఎక్కించినా అందుకు రెండు మీటర్ల దారి పడుతుంది. దిగడానికి మరో రెండు మీటర్లు. ఈ బల్లమీద మొత్తం చుట్టే మూడు మీటర్లు లేదు! అందుకే రైలును సమంగా ఉంచి, నేలనే ఎత్తుపల్లాలు చేయాలి. వంతెన దగ్గర థర్మకోల్ కోసేస్తే నది. పట్టాల పక్కన పేరిస్తే కొండ. పైగా సొరంగాల అవసరమూ లేదు. అవి కావాలంటే అరకు లైను ఉండనే ఉంది. ఇక్కడి రైలు కొండల పక్కనుంచి వెళ్తుంది.

మన కొండ మన కొండలా...
కొండను బల్ల మధ్యలో, పొడవునా గోడలా కట్టాలి. ఎత్తు అడుగు దాటకూడదు. అప్పుడు ఎదురుగా కూర్చున్నవారికి వెనక పట్టాలు కనిపించవు. రైలు ఒకవైపు తాటితోపులో మాయమై, కాసేపటికి మరోవైపు రాళ్ల మధ్యనుంచి వస్తుంది. ఎక్కడికో వెళ్లొచ్చిందన్న భ్రమ కలిగించేది ఆ ‘కాసేపే’. వెనక అట్టమీద మహేంద్రగిరిని లేత నీలంతో, అంచులు మసకగా గీయాలి. దూరమయ్యేకొద్దీ రంగు పలచబడితేనే కొండ దూరంగా ఉన్నట్లుంటుంది. ముందున్న కొబ్బరిచెట్టు 17 సెంటీమీటర్లుంటే, కొండమీది చెట్టు ఒక సెంటీమీటరు చాలు.

కొండ ఆకారానికి అట్టముక్కల చట్రం, దానిమీద మైదా జిగురులో ముంచిన పాత పేపర్లు, ఆపైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూత. తూర్పు కనుమలు ఆల్ప్స్‌లా సూది శిఖరాలు కావు. గుండ్రటి వీపులు, మధ్యమధ్య నల్లటి బోడిరాళ్లు, ఎర్రమట్టి, పొదలు. జల్లించిన ఎర్రమట్టి, రంగువేసిన రంపపు పొట్టు, కొబ్బరిపీచు... ఉద్దానంలో వీటికి కొదవేముంది? కంకరగా ఇసుక వాడితే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. సముద్రపు ఇసుకలోని ఉప్పు పట్టాలను తినేస్తుంది. అదే కారణంతో మడుల్లో ఉప్పుకుప్పలకు అసలు ఉప్పు పొయ్యకూడదు. చెమ్మ పీల్చి కరుగుతుంది. పాలరాతి పొడి వాడాలి. మడుల్లో నీటికి రెండు పూతల వార్నిష్. పక్కనే తేలినీలాపురం కొంగలు నాలుగు వాలితే ఇక అది నౌపడే!

ఏ ఏడాది?
అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు నేలకూలాయి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు కొండల రూపును మార్చేశాయి. అంటే ఈనాటి ఫొటో చూసి ఆనాటి దారిని చేయలేం. సరైన రూపం పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఉంది. స్టేషన్ ముందు చెట్టు ఏది? నీళ్లట్యాంకు ఎటువైపు? కొండమీద పొదలెంతవరకూ ఉండేవి? ఆ రైల్లో బడికీ సంతకూ వెళ్లినవారిని ఇప్పుడే అడిగి రాసుకోవాలి. పట్టాలు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, చెప్పేవాళ్లు అన్నాళ్లూ ఉండరు.

పుణెలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి బొమ్మరైళ్లతో పిల్లల్నీ పెద్దల్నీ కట్టిపడేస్తోంది. టెక్కలిలోనో పలాసలోనో ఓ బడి వరండాలో నాలుగడుగుల బల్ల వేయడానికి అంత హంగామా అక్కర్లేదు. తాతలు చెబుతుంటే మనవలు కొండ కడితే సరి. ఆ కొండను మాత్రం ఏ క్వారీ తవ్వలేదు!