సౌకార్‌పేట షావుకారు, ఢిల్లీ పతకం



గూడూరు, సూళ్ళూరుపేట, పుత్తూరు, తిరుత్తణి ప్రాంతాల వారికి సౌకార్‌పేటను పరిచయం చెయ్యనక్కరలేదు. చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి, వాల్‌టాక్స్ రోడ్డు దాటి, ఎలిఫెంట్ గేటు వీధిలోంచి మింట్ స్ట్రీటుకు చేరుకుంటే చాలు. పెళ్ళి బట్టలు, వెండి సామాను, స్టీలు పాత్రలు, అన్నీ టోకు ధరకు అక్కడే. ఆ పక్కనే ఉండిన కొత్వాల్ చావిడికి మన జిల్లాల కూరగాయల బస్తాలు ఏళ్ళ తరబడి వెళ్ళాయి. 1996లో ఆ మార్కెట్టు కోయంబేడుకు మారింది. పేట మాత్రం పేటగానే ఉంది.

ఈ పేటకూ తెలుగు సినిమాకూ ఉన్న బంధుత్వం బట్టల బంధుత్వం కంటె తక్కువదేమీ కాదు. రఘుపతి వెంకయ్యగారు మౌంట్ రోడ్డులో గెయిటీ కట్టిన తరువాత క్రౌన్ అనే సినిమా హాలును ఈ మింట్ స్ట్రీటులోనే కట్టించారు. ఆయన పేరుమీదనే తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమా పెద్దలకు పురస్కారం ఏర్పాటు చేసింది. 1931 అక్టోబరు 31న 'కాళిదాస్' విడుదలైనది ఈ జార్జిటౌన్ ప్రాంతంలోని కినిమా సెంట్రల్‌లోనే. అందులో కథానాయిక రాజలక్ష్మి తమిళం మాట్లాడితే, కథానాయకుడు వెంకటేశన్ తెలుగులో జవాబు చెప్పాడు. సరిహద్దు జిల్లాల వాళ్ళకు ఇందులో వింతేముంది? మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే కదా!

అయితే సినిమా వాళ్ళు సౌకార్‌పేట అనగానే తలచుకునేది హాళ్ళను కాదు, అప్పును. కేంద్ర ప్రభుత్వం సినిమాను పరిశ్రమగా గుర్తిస్తామని ప్రకటించింది 1998లో. అంతవరకూ బ్యాంకులు సినిమాకు అప్పివ్వడానికి ముందుకు రాలేదు. మరి మద్రాసులో వందలాది సినిమాలు ఎలా తయారయ్యాయి? కొంత డబ్బు పంపిణీదారుల అడ్వాన్సు. నైజాం, ఆంధ్ర, సీడెడ్, నెల్లూరు అంటూ ఏరియాలవారీగా ముందే అమ్ముకునేవారు. చిత్తూరు సీడెడ్ కింద లెక్క. మిగతాది వడ్డీకి తెచ్చుకున్నది. అలా వడ్డీకిచ్చే వారిలో సౌకార్‌పేటలో స్థిరపడిన మార్వాడీ, గుజరాతీ షావుకార్లు ముఖ్యులు.

షావుకారు దగ్గర నిర్మాత తాకట్టు పెట్టేది ఇల్లూ పొలమూ మాత్రమే కాదు, ఇంకా పుట్టని సినిమాను కూడా. నెగటివ్ ఎప్పుడూ ల్యాబులోనే ఉండేది. బాకీ తీరిందని ఫైనాన్షియరు చెబితే తప్ప విడుదలకు ప్రింట్లు ఇవ్వబోమని ల్యాబు ఒక ఉత్తరం రాసి ఇచ్చేది. ఆ ఉత్తరమే షావుకారుకు భరోసా. శుక్రవారం పొద్దున మన ఊరి హాలు దగ్గర జనం మూగి ఉంటే, "బాక్సు ఇంకా రాలేదు" అని గేటు దగ్గర చెప్పడం మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అందరూ లారీని తిట్టుకునేవారు. లారీ తప్పు లేని రోజులూ ఉండేవి. మద్రాసులో లెక్క తేలక బాక్సు కదిలేది కాదు. ఇక బాకీ ఎప్పటికీ తీరకపోతే నెగటివ్ హక్కులే చేతులు మారిపోయేవి.

షావుకారు అడిగే ప్రశ్నలు మూడే. హీరో ఎవరు, ఏ ఏరియా ఎంతకు పోయింది, బాకీ ఎప్పుడు తీరుతుంది. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు, అది అతని వృత్తి. కాని కథ ఏమిటని అడిగేవారు కూడా ఎక్కడో ఒకరు ఉండాలి. ఆ పని కోసమే ఢిల్లీలో జాతీయ అవార్డులు పెట్టారు.

1953 నాటి చిత్రాలకు 1954లో మొదటిసారి అవార్డులిచ్చారు. బంగారు పతకం మరాఠీ చిత్రం 'శ్యామ్‌చీ ఆయీ'కి దక్కింది. మరుసటి ఏడు నుంచి ఒక్కొక్క ప్రాంతీయ భాషకూ రాష్ట్రపతి రజత పతకం ఏర్పాటైంది. ఆ పతకాలే తరువాత స్వర్ణ కమలం, రజత కమలం అయ్యాయి. ఇక్కడ లెక్కకు వచ్చేది సెన్సారు సర్టిఫికెట్టు పుచ్చుకున్న సంవత్సరం, విడుదలైన సంవత్సరం కాదు. అందుకే 1980 ఫిబ్రవరిలో విడుదలైన 'శంకరాభరణం'కు 1979 అవార్డు వచ్చింది. ఇది తెలియక పందేలు కాసి ఓడినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు నా వరుస చెబుతాను. పతకం పొందిన తెలుగు చిత్రాలలో ఆరింటిని తీసుకున్నాను. నా కొలమానం ఒక్కటే. మింట్ స్ట్రీటు గద్దె మీద కూర్చున్న షావుకారుకు ఈ కథ మాత్రమే చెబితే డబ్బు పుట్టేదా? పుట్టని చోట పతకం వచ్చి నిలబడిందా? పతకం అవసరం ఎంత ఎక్కువైతే నా వరుసలో స్థానం అంత పైన.

ఈ లెక్కన ఆరవ స్థానం 'బాహుబలి: ది బిగినింగ్'ది. దేశం మొత్తానికి ఉత్తమ చిత్రంగా స్వర్ణ కమలం పొందిన మొదటి తెలుగు చిత్రం అది. 2015 సంవత్సరానికి, 2016లో ప్రకటించారు. అంటే అవార్డులు మొదలైన ఆరు దశాబ్దాలకు ఆ గౌరవం మన భాషకు దక్కింది. అది గర్వించదగిన సంగతే. అయినా వందకోట్లకు పైగా ఖర్చుతో తీసి, అంతకు ఎన్నో రెట్లు రాబట్టుకున్న సినిమాకు ఢిల్లీ ఇచ్చిన రెండున్నర లక్షల బహుమతి దేనికి పనికివచ్చింది? అన్నిటికంటె పెద్ద పతకం, అన్నిటికంటె తక్కువ అవసరమున్న చోటికి వెళ్ళిందని నా అభిప్రాయం.

అయిదవది 'శంకరాభరణం'. అలక పూనకండి. పేరున్న హీరో లేడు. ప్రధాన పాత్రధారి జె.వి. సోమయాజులుగారు ప్రభుత్వోద్యోగి. కథ చూస్తే ఒక ముసలి సంగీత విద్వాంసుడిది. కొనడానికి పంపిణీదారులు మొదట వెనకాడారన్నది అందరికీ తెలిసిన విషయమే. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు, దర్శకుడు విశ్వనాథ్ గార్ల గుండెనిబ్బరం మెచ్చుకోవలసిందే. కాని జనం తీర్పు పతకం కంటె ముందే వచ్చేసింది. తమిళనాట కూడా తెలుగు మాటలతోనే ఆడిందంటే ఇంకేం కావాలి? సంపూర్ణ వినోదాన్నిచ్చే జనరంజక చిత్రంగా దానికి స్వర్ణ కమలం ఇచ్చారు. అది సరైన పేరు కూడా.

నాలుగవది 'పెద్దమనుషులు'. 1954 నాటి వాహినీ వారి చిత్రం. దర్శకుడు కె.వి. రెడ్డి. మాటలు రాసిన డి.వి. నరసరాజుగారికి ఇదే తొలి అవకాశం. తెలుగులో మొదటి రజత పతకం దీనిదే. ఇబ్సెన్ నాటకంలోని మూలసూత్రాన్ని తీసుకుని మన ఊరి మునిసిపాలిటీలో నాటారు. ధర్మారావు అనే పెద్దమనిషిగా గౌరీనాథశాస్త్రిగారు మాటాడుతుంటే, ఇంత మర్యాదగా కూడా ఊరిని దోచుకోవచ్చునా అనిపిస్తుంది. ఊళ్ళో నిజం చెప్పేవాడు రేలంగి వేసిన తిక్కశంకరయ్య ఒక్కడే, అతనికేమో పిచ్చివాడని పేరు. చిత్రం డబ్బు కూడా చేసింది కనుక పతకం లేకపోయినా బతికేదే. అయినా దీన్ని పైకి జరపడానికి కారణం ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్ళకే, ప్రజాసేవ పేరుతో తినేవాళ్ళను ఎండగట్టిన చిత్రానికి ప్రభుత్వమే పతకమిచ్చింది. అటువంటి న్యాయనిర్ణేతలు ప్రతి ఏడాదీ దొరకరు.

మూడవది 'సుడిగుండాలు'. 1967కు గాను కేంద్రం నుంచి ఉత్తమ తెలుగు చిత్రం బహుమతి, రాష్ట్రం నుంచి బంగారు నంది రెండూ అందుకుంది. అప్పు అనే మాట ఇక్కడ బాగా పనికివస్తుంది. అక్కినేని నాగేశ్వరరావు, ఆదుర్తి సుబ్బారావు గార్లు ఇద్దరూ కలిసి చక్రవర్తి చిత్ర అనే సంస్థ పెట్టి, లాభం చూసుకోకుండా తీసిన చిత్రమిది. నాగేశ్వరరావుగారి పేరు చెబితే ఏ షావుకారైనా పెట్టె తెరిచే రోజులవి. మరి ఆ పేరును ఆయన ఏ పాత్రకు వాడారు? కన్నకొడుకును చంపిన కుర్రవాళ్ళ తరఫున నిలబడి, వీళ్ళు ఇలా ఎందుకు తయారయ్యారని సమాజాన్ని అడిగే తండ్రి పాత్రకు. ఉపన్యాస ధోరణి కొంత ఎక్కువేనని నేను ఒప్పుకుంటాను. కాని ఒక స్టారు తన పరపతిని తనకు విరోధంగా ఖర్చు పెట్టడం మన సినిమాలో ఎన్నిసార్లు జరిగింది? చిత్రానికి డబ్బు రాలేదు. ఆ ఇద్దరే తరువాత 'మరో ప్రపంచం' తీశారు. దానికీ రాలేదు. ఆ తరువాత ఆ ప్రయత్నం ఆగిపోయింది. పతకం గౌరవించగలదు, నష్టం పూడ్చలేదు.

రెండవ స్థానానికి వచ్చేసరికి రాయలసీమ బిడ్డ ఒకరిని తలచుకోవాలి. పులివెందుల ప్రాంతం నుంచి మద్రాసు చేరిన బి.ఎన్. రెడ్డిగారు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న మొదటి దక్షిణాది వారు ఆయనే. అందరూ మెచ్చే 'మల్లీశ్వరి' 1951లో వచ్చింది, అప్పటికి అవార్డులే లేవు. కనుక నా వరుసలోకి వచ్చేది 1955 నాటి 'బంగారుపాప'. జార్జి ఇలియట్ రాసిన 'సైలస్ మార్నర్' నవల దీనికి ఆధారం, రచన పాలగుమ్మి పద్మరాజుగారిది. లోకం మీద కక్ష పెంచుకున్న కోటయ్య అనే మొరటు మనిషికి, దిక్కులేని ఒక పసిపాప దొరుకుతుంది. అంతే కథ. ఆ పాపను చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఎస్.వి. రంగారావుగారి ముఖం చూడండి. కోపం తగ్గడం కాదు, కోపం దారి తెలియక నిలబడిపోవడం కనబడుతుంది. మాయలమరాఠీలూ, రాక్షసులూ ఆయన ఎన్ని వేసినా నాకు ఈ కోటయ్య ముందు అవి తరువాతే. ముఖ్యపాత్ర ఒక నడివయసు మొరటువాడు, అతని ప్రేమ ఒక పాప మీద. ఏ ఏరియా ఎంతకు పోతుంది చెప్పండి? చిత్రం డబ్బు పరంగా ఆడలేదు. రజత పతకం రాకపోతే ఎంతమంది దాని పేరు తలచేవారు?

ఇక మొదటి స్థానం 'దాసి'ది. 1988. బి. నరసింగరావుగారి దర్శకత్వం. తెలంగాణ గడీలో, దొరసాని పెళ్ళికి కట్నంతోపాటు వచ్చిన కమలాక్షి అనే దాసి కథ. ఆమె నోట మాట తక్కువ. నీళ్ళు మోయడం, గదులు ఊడ్వడం, పిలిస్తే వెళ్ళడం. దొర వల్ల గర్భం వస్తే, ఉంచుకోవాలో వద్దో చెప్పే హక్కు కూడా ఆమెకు లేదు. కెమెరా తొందరపడదు, సంగీతం ఏడిపించదు. పాట లేదు, ఫైటు లేదు, జాలి పడమని అడగడమూ లేదు. ఆ ఏడాది ఈ ఒక్క చిత్రానికి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళాదర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. అంతకు ముందు ఏడాదే అర్చన తమిళ చిత్రం 'వీడు'కు ఉత్తమ నటి అయింది. వరుసగా రెండేళ్ళు, రెండు భాషల్లో. సరిహద్దుకు ఇటూ అటూ వినే మనకు ఆ రెండు చిత్రాలూ అందుబాటే.

ఈ కథ తీసుకుని ఎవరైనా మింట్ స్ట్రీటు మెట్లెక్కి ఉంటే, షావుకారు మంచినీళ్ళిచ్చి మర్యాదగా పంపేసేవాడు. పాటల్లేని సినిమాకు ఏరియా లెక్క వెయ్యడం అతనికి ఎవరూ నేర్పలేదు. అందుకే దీనికి పతకం అవసరం అన్నిటికంటె ఎక్కువ. 'దాసి' అనే చిత్రం ఒకటుందని ఊరూరా తెలిసింది ఆ అయిదు అవార్డుల వార్త వల్లనే.

పతకం చెయ్యలేని పని కూడా ఒకటి ఉంది. అది ఫిల్మును కాపాడలేదు. కినిమా సెంట్రల్‌లో ఆడిన 'కాళిదాస్' ప్రింటు ఇప్పుడు లేదు. ఆ కాలపు నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకునేది. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము అంటుకోదు గాని, వేడికీ చెమ్మకూ కుళ్ళి పుల్లటి వాసన వేస్తుంది, ముడుచుకుపోతుంది. చెన్నై గాలిలో ఆ రెండూ సమృద్ధిగా ఉంటాయి. పూనాలో ప్రభుత్వ ఫిల్ము భాండాగారం పెట్టింది 1964లో. అంటే 'పెద్దమనుషులు', 'బంగారుపాప' వచ్చి దాదాపు పదేళ్ళు గడిచాక. ఈలోగా నెగటివ్‌లు ల్యాబుల్లో, హక్కులు కొన్నవారి గదుల్లో డబ్బాలుగా ఉండిపోయాయి. బాకీ కింద డబ్బా పుచ్చుకున్న మనిషికి దాని మీద చీటీ కనబడుతుంది గాని, లోపల రాష్ట్రపతి పతకం ఉందని కనబడదు.

ఈసారి పెళ్ళి బట్టలకు సౌకార్‌పేట వెళ్ళినప్పుడు, బేరం కుదిరి చీరలు మూట కట్టేలోగా ఒక పావుగంట దొరుకుతుంది. మింట్ స్ట్రీటు వెంట కాస్త నడవండి. క్రౌన్ ఎక్కడుండేదో పాత దుకాణదారును ఎవరినైనా అడగండి. తెలుగులో అడిగినా జవాబు చెప్పేవాళ్ళు అక్కడ ఉంటారు.