గడికి పురస్కారం... కొట్టానికి తిరస్కారం!

దోమకొండ గడికోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. సంతోషమే. మరి రైతు ఇంటి వెనక ఉన్న ఎడ్ల కొట్టం సంగతేమిటి? అది కూలితే అడిగే నాథుడు లేడు.

ఇంగ్లాండులో పద్ధతి వేరు. అక్కడ పాత జమీందారీ భవనానికి చట్టరక్షణ ఇస్తే, 1948 జులై 1కి ముందునుంచీ దాని ఆవరణలో భాగంగా ఉన్న గుర్రపుశాల, ధాన్యపు కొట్టుకూ అదే రక్షణ వర్తిస్తుంది. ఇంటితోపాటు ఆ ఇంటిని పోషించిన కొట్టానికీ విలువ కట్టారన్నమాట.

మన అమ్రాబాద్ పీఠభూమిలోనూ కొట్టానికి ఆ విలువ ఉండాల్సిందే. ఇక్కడి పేరు నిలబెట్టింది పొడ తూర్పు పశువు. తెల్లని ఒంటిమీద గోధుమరంగు మచ్చలు కనుక 'పొడ', పడమటి రైతులకు తూర్పునుంచి వచ్చేది కనుక 'తూర్పు'. కురుమూర్తి జాతరలో ఈ ఎడ్లకు గిరాకీ. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. మేతకు అడవికి పోయిన మందకు ముళ్లకంప దొడ్డి, ఊళ్లో దున్నే ఎడ్లకు కొట్టం. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు తగ్గాయి. 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ప్రత్యేకంగా ఏర్పడింది. అడవి మేతకు ఆంక్షలు, పులి భయం తోడయ్యాయి. ఎడ్లు లేని కొట్టం ఎన్నాళ్లు నిలుస్తుంది?

మీ కొట్టం కూల్చే ముందు ఒక్క లెక్క వేసుకోండి. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలోనే ఉంటుంది. కొట్టం పోతే అదంతా నేలపాలు. ఆ మేరకు యూరియా బస్తా కొనాల్సిందే. మందపాటి మట్టిగోడ, గడ్డికప్పు ఎండను ఆపుతాయి. ఒట్టి రేకుల కింద ఎండాకాలం పశువు అల్లాడిపోతుంది.

బాగుచేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ముందు కప్పు కారకుండా చూడండి. నీళ్లు దిగితే మట్టిగోడ కరిగిపోతుంది. నేలను వెనక్కి కొద్దిగా వాలుగా గట్టిచేయండి. ప్రతి 40 అడుగులకు ఒక అడుగు వాలు చాలు. కాలువ తీసి మూత్రాన్ని పెంటగుంతలోకి మళ్లించండి. గోడలకు సున్నం వేస్తే పురుగూ పుట్రా తగ్గుతాయి. గాడి రాళ్లు, వాసాలు గట్టిగా ఉంటే అమ్ముకోకండి. కొత్త పాకకైనా పనికొస్తాయి.

జాతికి గుర్తింపు కాగితం మీద వచ్చింది. దాన్ని కట్టేసే గుంజ మాత్రం మీ కొట్టంలోనే ఉండాలి.