బస్తీలు కదిలాయి... చదువు వెంట వచ్చిందా?

కొన్నేళ్ల క్రితం మా దగ్గర ఉర్దూ చదువుకున్న ఓ అమ్మాయి దూరవిద్యలో బి.ఏ.లో చేరింది. అప్పుడు వాళ్ల ఇల్లు యాకుత్‌పురాలో ఉండేది. ఆదివారం తరగతులు జరిగే కేంద్రానికి నడిచి వెళ్లి వచ్చేది. మరుసటి ఏడాది అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. తన వాటా సొమ్ముతో ఆమె తండ్రి షాహీన్‌నగర్‌లో చిన్న జాగా కొని రెండు గదులు వేసుకున్నారు. కేంద్రం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఒక శుక్రవారం నమాజు తర్వాత ఆయన మాతో, "ఏం చేయమంటారు మౌల్వీ సాబ్! ఆడపిల్లలకు బస్సులో టికెట్ లేదు, నిజమే. కానీ రెండు బస్సులు మారి పిల్ల ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. వాళ్ల అమ్మీ వాకిట్లోనే నిలబడి ఉంటోంది" అన్నారు. ఆయనకేం జవాబు చెప్పాలో మాకు తోచలేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. దానివల్ల ఛార్జీ మిగిలింది గాని దూరం తగ్గలేదు. ఆ అమ్మాయి చదువు మొదటి ఏడాదితోనే ఆగిపోయింది.

లెక్కలు ఏమంటున్నాయి?

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2001లో హైదరాబాద్ జిల్లా జనాభా 38 లక్షల పైచిలుకు. 2011 నాటికి అది 39 లక్షలు దాటింది. పదేళ్లలో పెరుగుదల సుమారు 3 శాతమే. అదే పదేళ్లలో, పట్నాన్ని చుట్టి ఉన్న నాటి రంగారెడ్డి జిల్లా జనాభా సుమారు 48 శాతం పెరిగి 53 లక్షలకు చేరువైంది. పాతబస్తీలో ఇళ్లు ఇరుకై, అద్దెలు భారమై కొందరు శివార్లకు వెళ్లారు. జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు కూడా అక్కడే దిగారు. 2021లో జరగవలసిన జనగణన ఆ ఏడు జరగలేదు. కాబట్టి పాత లెక్కలు పట్టుకుని కేంద్రాలు పెడితే కొత్త బస్తీలు కంటికి ఆనవు.

లోగడ కదిలిన చదువులు

విశ్వవిద్యాలయం జనం దగ్గరికి వెళ్లడం మనకు కొత్త కాదు. వరంగల్‌లోని ఉస్మానియా పి.జి. కేంద్రమే ఎదిగి 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. 1982లో మన దగ్గరే దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టి, బడి మానేసిన వారికి కూడా తలుపు తెరిచింది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యతోనే పని మొదలుపెట్టింది. స్త్రీ విద్యపై ప్రత్యేక శ్రద్ధ చూపాలని దాని చట్టంలోనే ఉంది. పాట్నా, దర్భంగా, శ్రీనగర్ వంటి చోట్ల దానికి ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. దర్భంగా దాకా వెళ్లగలిగిన చదువు సొంత పట్నం శివారుకు రాలేదా?

ఏం చేయవచ్చు?

మొదటిది, ప్రతి ఏటా దరఖాస్తుల్లోని పిన్‌కోడ్‌లను లెక్కించి, విద్యార్థులు ఎక్కడ నివసిస్తున్నారో చూడాలి. కేంద్రం ఎక్కడ ఉండాలో ఆ లెక్కే చెబుతుంది. పాతబస్తీలో నేటికీ లక్షల మంది ఉన్నారు కనుక అక్కడి కేంద్రాన్ని మూయకుండా కొత్తది జోడించాలి.

రెండవది, కొత్త భవనాల కోసం ఎదురు చూడనక్కరలేదు. ఆదివారం ఖాళీగా ఉండే ప్రభుత్వ పాఠశాల గదులు చాలు. అసర్ వేళకు తరగతులు ముగిస్తే ఆడపిల్లలు పొద్దుండగానే ఇల్లు చేరతారు.

మూడవది, మహబూబ్‌నగర్, నల్గొండల నుంచి వచ్చిన కుటుంబాల్లో పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు చదువుతారు. ఉర్దూ విశ్వవిద్యాలయంలో చేరాలంటే ఉర్దూ చదివినట్టు ఆధారం కావాలి. అందుచేత వీరు వాకిట్లోనే ఆగిపోతున్నారు. తెలుగు ద్వారా ఉర్దూ చదవడం, రాయడం నేర్పే తరగతి ఈ కేంద్రాల్లోనే ఉంటే ఆ ఆటంకం తొలగుతుంది.

"ఇప్పుడు పాఠాలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా, కేంద్రం ఎందుకు?" అని కొందరు అంటారు. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ పనికి వెళ్లే తండ్రి జేబులో ఉంటుంది. పైగా అర్థం కాని పాఠాన్ని అడిగి తెలుసుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి.

మన వంతు

తప్పంతా విశ్వవిద్యాలయాలదే అనడం న్యాయం కాదు. ఇల్లు మారినా మనలో చాలామంది ఆధార్ కార్డులో చిరునామా మార్చుకోరు. దరఖాస్తులో పాత మొహల్లా పేరే రాస్తారు. ఇక మనం ఎక్కడున్నామో వారికి తెలిసేదెలా? ఈసారి పిల్లల దరఖాస్తు నింపేటప్పుడు ఇప్పుడు ఉంటున్న ఇంటి చిరునామానే రాయండి. మసీదు కమిటీలు తమ బస్తీలో చదువుకోదలచిన వారి పేర్లు రాసి, కేంద్రం కావాలని అర్జీ పంపాలి.

మొన్న ఆ తండ్రి మళ్లీ కలిశారు. అమ్మాయి పత్రాలు తెప్పించి చూశాము. వాటిలో ఇంకా యాకుత్‌పురా చిరునామానే ఉంది. ముందుగా దాన్ని మార్పించమని చెప్పి పంపాము.